సంకెళ్ళలో మిగిలిన సగం భాష

సుడిగుండం నోట్లోంచి బయటపడ్డ పడవ ధవళద్వీపం ఒడ్డున ఇసుకను ఢీకొని రెండు చెక్కలైంది. ఒక చెక్క పట్టుకుని సుకేతుడు, రెండో చెక్క పట్టుకుని సింగన్న మోకాటిలోతు నీళ్ళలోంచి లేచి నిలబడ్డారు. సుకేతుడు ముందుగా వీపున కట్టుకున్న మైనపుగుడ్డ చుట్టను తడిమి చూసుకున్నాడు. చుట్ట భద్రంగానే ఉంది. అందులో శంఖరేవు రాకుమారి కువలయ ఉంది.

ఉంది అంటే బొమ్మగా ఉంది. ధూమ్రకర్ణుడనే మాంత్రికుడు చిత్రకారుడి వేషంలో శంఖరేవు సభకు వచ్చి, ముంగిస వెంట్రుకల కుంచెతో నాలుగు గీతలు గీసి, నిండుసభలో రాకుమారిని పట్టుగుడ్డ మీదికి లాగేసిన వైనం పాఠకులు మరిచిపోయి ఉండరు. అంతవరకు ఆ పటంలో ఉన్న నెమలి, రాకుమారి లోపలికి పోగానే రెక్కలు టపటపలాడించుకుంటూ బయటికొచ్చి రాజుగారి తలపాగా మీద వాలింది. సభలో కత్తులున్నవాళ్ళందరూ నెమలిని చూస్తూ ఉండిపోయారు. పటాన్ని మాంత్రికుడి చేతిలోంచి లాక్కుని పారిపోయినవాడు మాత్రం కత్తి లేనివాడు, రేవులో రాకుమారి పడవ నడిపే సుకేతుడు. ఆమె లేని రేవుకు తిరిగి వెళ్ళే ఉద్దేశం అతనికి లేదు.

ఈ అమావాస్య నాడు పడమటి ఎరుపు చల్లారేలోగా రంగును కరిగించకపోతే కువలయ కలకాలం బొమ్మగానే మిగిలిపోతుంది. ఆ రంగును కరిగించే నీరు లోకంలో ఒక్కచోటే ఉంది. అది ధవళద్వీపపు రాణి ఎల్మీర కోటలోని పాలబావి. అమావాస్య ఈ రోజే. పొద్దు అప్పటికే నడినెత్తి మీంచి వాలింది.

"దిగులు పడకు మామా," అన్నాడు సుకేతుడు జుట్టు పిండుకుంటూ. "గండాలన్నీ నీళ్ళలోనే అయిపోయాయి. ఇక్కడ మనకు కావలసింది మాట. అది నా దగ్గర ఉంది."

సింగన్న తోలుబొమ్మలాటగాడు. ముప్పొద్దులా చేతులతో బొమ్మలాడించి ఆడించి, బొమ్మ లేకపోయినా అతని చేతులు ఊరుకోవు. ఆకలంటే చెయ్యి కడుపు మీదికి, కోపమంటే మీసం మీదికి దానంతట అదే పోతుంది. "మాట నీకుంది సరే అబ్బాయ్, నాకు లేదు కదా. మధ్యలో నన్నెవడైనా పలకరిస్తే?" అన్నాడు, చేత్తో పలకరింపును కూడా అభినయిస్తూ.

"నువ్వు నోరు మూసుకుని నా వెనకే ఉండు. అంతే చాలు."

ఇద్దరూ సుద్దకొండ ఎక్కారు. పైనుంచి చూస్తే ధవళద్వీపం నగరం పొంగిన పాలకుండలా కనిపించింది. సుద్దరాతి గోడలు, ముత్యపుచిప్పల పెంకులు పరిచిన కప్పులు, ప్రతి ఇంటి మీదా గాలికి మోగే వెండి చేపలు. వీధుల మధ్య స్ఫటికపు కాలువల్లో నీలిరంగు హంసలు ఈదుతున్నాయి. తోటల్లో పువ్వుల రేకులు పొద్దు ఎటు తిరిగితే అటు తిరుగుతూ సన్నగా గలగలమంటున్నాయి. వీధుల్లో నడిచే స్త్రీల కొప్పుల్లో గవ్వలు, పురుషుల భుజాల మీద తెల్లని సముద్రపు డేగలు. నగరం నడుమ తొమ్మిది అంతస్తుల కోట ఎండలో మెరిసిపోతోంది. కోట వెనక కొండ కోసేసినట్టు తెగిపోయి, నిటారుగా సముద్రంలోకి దిగింది.

"ఇంతకీ ఈ భాష నువ్వెప్పుడు నేర్చావు?" అని అడిగాడు సింగన్న ఆయాసపడుతూ.

"దొంగల ఓడ అడుగున నన్ను చీకటికొట్టులో పడేసినప్పుడు. పక్కనే ఈ దీవి నావికుడు, గార్వికు అనే ముసలాయన ఉండేవాడు. చేతులు వెనక్కి విరిచి గోడకు సంకెళ్ళు వేశారు. పాపం, నోరొక్కటే ఆడేది. ఆ నోటితోనే నాకు భాషంతా నేర్పాడు. ఓడ మునిగిన రోజున మాత్రం ఏదో కలవరించాడు. 'నీకు మా భాష సగమే వచ్చింది, మిగతా సగం నా సంకెళ్ళలో ఉండిపోయింది' అని."

"అంటే ఏంటట?"

"ముసలితనం. చాదస్తం." సుకేతుడు నవ్వాడు. "విను, వీళ్ళ భాషంతా ఒక్క మాటలో ఉంది. ద్రా. బావిలో నీళ్ళు తోడితే ద్రా. ఒరలోంచి కత్తి దూస్తే ద్రా. బొమ్మ గీసినా, తెర లాగినా, ఊపిరి పీల్చినా, విల్లు ఎక్కుపెట్టినా, పన్ను పీకినా అదే. జాతరలో చీటీ తీసినా అదే. అందగత్తె మనసు దోచినా అదే. ఆఖరికి కోడిపందెంలో రెండు కోళ్ళూ గెలవకపోతే, అదీ ద్రానే."

సింగన్న ఆగిపోయాడు. "మనకు పనికో మాట ఉంటే, వీళ్ళు పది కూరలూ ఒక్క కుండలో వండుకుంటారా? వేరే మాటలే లేవా?"

"ఎందుకు లేవు? పులు అంటే లాగడం. హలు అంటే గుంజడం. టగు అంటే చటుక్కున పీకడం. కానీ అవి రేవులో మాటలు. రాణి ముందర ఆ మాటలు వాడితే మోటుగా ఉంటుందట. కోటలో మర్యాద మాట ద్రా ఒక్కటే."

"మరి ఏ ద్రా ఏ ద్రానో ఎట్టా తెలుస్తుంది?"

"సందర్భాన్ని బట్టి," అన్నాడు సుకేతుడు, ఎంతో తెలిసినవాడిలా. అతనికి తెలియనిది ఆ ఒక్కటే.

కోట ద్వారం దగ్గర భటుడు ఈటె అడ్డం పెట్టాడు. సింగన్న నోరు మూసుకునే ఉన్నాడు గానీ చేతులు మూసుకోలేదు. దాహమన్నట్టు బొటనవేలు నోటికి చూపించి, చేద వేసి తాడు లాగినట్టు అభినయించి, చివర్లో పొట్ట మీద దరువేశాడు. భటుడి మొహం విప్పారింది. వాడు పకపకా నవ్వి, లోపలినుంచి ఒక రొట్టె తెచ్చి సింగన్న చేతిలో పెట్టి భుజం తట్టాడు. సుకేతుడికి ఇది చిన్నతనంగా తోచింది. ముందుకు వచ్చి, చక్కగా రెండు చేతులూ జోడించి, తేటగా, తప్పు లేకుండా, "అయ్యా, రాణిగారి బావి దగ్గర ద్రా చేయడానికి వచ్చాము," అన్నాడు.

భటుడి నవ్వు ఆగిపోయింది. వాడు వెనక్కి వెనక్కి నడిచి, లోపలికి పరుగెత్తాడు.

"చూశావా? మన ఉచ్చారణకు బిత్తరపోయాడు. రాణిగారికి చెప్పడానికి వెళ్ళాడు," అన్నాడు సుకేతుడు.

చెప్పడానికి వెళ్ళిన మాట నిజమే. చాలాసేపటికి ఈటెల భటులు ఇటూ అటూ వరుసగా నిలబడి ఇద్దరినీ లోపలికి నడిపించారు. సుకేతుడు ఆ మర్యాదకు తల పంకిస్తూ పెళ్ళికొడుకులా నడిచాడు. సింగన్న మాత్రం ఈటెల మొనలు బయటికి గాక తమవైపే తిరిగి ఉన్నాయని గమనించి, రొట్టె తొందరగా తినేశాడు.

రాణి ఎల్మీర ఆరుబయటే కొలువు తీరింది. కొండ అంచున వెడల్పాటి ముంగిలి, దాని నడుమ సుద్దరాతి గట్టుతో పాలబావి, బావికి ఇవతల పగడపు సింహాసనం. రాణి వయసు మళ్ళినదే గాని కళ్ళు మాత్రం డేగకళ్ళు. ఆమె కుడిపక్కన మంత్రి ఓస్విను నిలబడ్డాడు. సాయంత్రపు ఎండ చురుక్కుమంటున్నా అతను పొడుగు చేతుల ఉన్ని అంగీ తొడుక్కుని, రెండు చేతులూ ఎదురెదురు చేతిమడతల్లోకి దోపుకుని వణుకుతున్నాడు. చలిజ్వరం కాబోలు అనుకున్నాడు సుకేతుడు.

పెద్దల ముందు చేతులు జోడించి మాట్లాడాలని అతనికి వాళ్ళమ్మ ఉగ్గుపాలతో నేర్పింది. ఆ ప్రకారమే నడుము వంచి, చేతులు గట్టిగా జోడించి మొదలుపెట్టాడు. "మహారాణీ, మేము శంఖరేవు వాళ్ళం. మీ సెలవైతే ఈ బావి దగ్గర ఒక్కసారి ద్రా చేసుకుని..."

మాట పూర్తి కాలేదు. ముంగిలిలో ఉన్న కత్తులన్నీ ఒక్కసారి ఒరలు దాటాయి. ఎవరో సుకేతుణ్ణి బోర్లా తోసి, చేతులు వెనక్కి విరిచి తాడు బిగించారు. వీపు మీది చుట్టను లాక్కున్నారు. సింగన్నను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"మా పెదతాత కాలంలో ఒక అతిథి వచ్చాడు," అంది రాణి తొణకకుండా. "చేతులు శాలువా కింద దాచుకుని, ద్రా చేస్తాను అన్నాడు. పటం గీస్తాడేమోనని అందరూ ముచ్చటపడ్డారు. వాడు కత్తి దూసి మా పెదతాత తల నరికాడు. ఆనాటి నుంచి ఈ దీవిలో ఆ మాట అన్నవాడు ఏ ద్రానో చేత్తో చూపాలి. పాలు తాగే బిడ్డ కూడా చూపుతుంది. చేతులు బంధించుకుని ఆ మాట అన్నవాడు మనసులో కత్తి దూసినట్టే లెక్క. వాడికి ఈ కొండ అంచే శిక్ష."

గోడకు సంకెళ్ళు వేసిన గార్వికు చేతులు సుకేతుడి కళ్ళ ముందు కదిలాయి. ముసలాయన కలవరించలేదు. ఆ చేతులకు సందు దొరకలేదు, అంతే. తాను మర్యాద అనుకున్నది ఇక్కడ హంతకుడి లక్షణమైంది. ఇప్పుడు చూపుదామన్నా చేతులు తాళ్ళలో ఉన్నాయి.

"అన్నీ తెలిసినమ్మ అమాస నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందంట," అని గొణిగాడు సింగన్న. "తిథి కూడా కుదిరింది అబ్బాయ్."

భటులు కత్తులు ఒరల్లో దోపి, సుకేతుణ్ణి అంచు దాకా ఈడ్చారు. కింద సముద్రం నల్లరాళ్ళ మీద నోరు కడుక్కుంటోంది. పడమట పొద్దు నీటిని తాకింది. మంత్రి ఓస్విను రాణి చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేలాగానే అన్నాడు, "ఆలస్యం వద్దు మహారాణీ. ఆ చుట్ట నాకు ఇప్పించండి. దాని కట్లు ఏకాంతంలో నేనే ద్రా చేసి చూస్తాను."

కొండ అంచున ఒక కాలు గాల్లో ఉన్న మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. సుకేతుడు మెడ తిప్పి చూశాడు. ఓస్విను చేతులు చేతిమడతల్లోంచి రాలేదు.

అతనికి వెంటనే నవ్వొచ్చింది. చావు అంచున నవ్వేవాణ్ణి చూసి భటులు తటపటాయించారు. ఆ సందులో అతను గొంతెత్తి అడిగాడు, "మహారాణీ, నా చేతుల్ని మీ తాళ్ళు కట్టేశాయి. మీ మంత్రిగారి చేతుల్ని ఎవరు కట్టేశారు?"

కొన్నాళ్ళుగా చలిజ్వరం సాకు విని విని అలవాటుపడిన కొలువు, మొదటిసారి ఆ చేతిమడతల వైపు చూసింది. రాణి లేచి నిలబడింది.

"ఓస్వినూ, చేతులు బయటికి ద్రా," అంది. అంటూ తన రెండు చేతులనూ మడతల్లోంచి తీస్తున్నట్టు చూపింది.

"జ్వరం మహారాణీ, చలి..."

రాణి మాట సింగన్నకు ఒక్కటీ అర్థం కాలేదు గానీ ఆమె చేతులు పూర్తిగా అర్థమయ్యాయి. అతను రెండంగల్లో వెళ్ళి మంత్రి అంగీని రెండువైపులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఉన్ని చిరిగి చేతులు బయటపడ్డాయి. వేళ్ళ నిండా ఆరని రంగులు. కువలయ చీర నీలం, చెంపల పసుపు, నుదుటి కుంకుమ. కుడిచేతి మడతలోంచి ముంగిస వెంట్రుకల కుంచె జారి నేలమీద పడింది.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు?" అన్నాడు సింగన్న, ఆ చేతుల్ని సభకు ఎత్తి చూపిస్తూ.

మంత్రి మొహం మైనంలా కరిగింది. దాని వెనకనుంచి ధూమ్రకర్ణుడి గుంటకళ్ళు బయటికొచ్చాయి. చెవుల్లోంచి నల్లటి పొగ ఎగజిమ్మింది. వాడు పళ్ళు కొరికి ఏదో మంత్రం ఉమ్మేసరికి భటుల చేతుల్లోని ఈటెలు పాములై మెలికలు తిరిగాయి. అందరూ కేకలు వేస్తూ వాటిని విసిరికొట్టారు. సుకేతుణ్ణి పట్టుకున్నవాళ్ళు కూడా వదిలేశారు. అతను దొర్లుకుంటూ వెళ్ళి, ఒరలోంచి జారి నేల మీద పడిన ఒక కత్తి అంచుకు తాడు ఒరిపిడి పెట్టి కోసుకున్నాడు. లేచి, పొగలో తడబడుతున్న భటులకు వినపడేలా ద్రా అని అరిచాడు. ఈసారి కుడిచెయ్యి నడుము దగ్గరనుంచి ఆకాశంలోకి లేచింది. భటులు కత్తులు దూశారు. మళ్ళీ ద్రా అన్నాడు, ఎడమచెయ్యి చాచి కుడిచెయ్యి చెవి దాకా లాగుతూ. బురుజుల మీది విలుకాండ్రు విల్లులు ఎక్కుపెట్టారు. ఒక్క ఘడియలో అతనికి సగం భాష కాస్తా పూర్తిభాష అయింది.

బాణాలు కురిసేసరికి ధూమ్రకర్ణుడు గబ్బిలమై ఎగిరి బురుజు వెనక్కి పోయాడు. పొద్దు పూర్తిగా మునిగింది. పడమట ఎరుపు మిగిలింది. సుకేతుడు భటులు వదిలేసిన చుట్టను ఎత్తుకుని బావి దగ్గరికి పరుగెత్తాడు. రాణి వైపు తిరిగి, మాట కూడా లేకుండా, తాడు మీద చెయ్యి మార్చి చెయ్యి వేసి తోడుతున్నట్టు చూపించాడు.

రాణి మొట్టమొదటిసారి చిరునవ్వు నవ్వి, వెండిచేద అందించింది. "రోజుకు ఒక్క చేద నీరే ఇస్తుంది ఈ బావి. ఒలకనీకు."

చేద సగం పైకి వచ్చిందో లేదో గబ్బిలం బాణంలా దూసుకొచ్చి తాడు కొరికేసింది. సుకేతుడు ఆలోచించలేదు. తెగిన తాడు కొస సింగన్న వైపు విసిరి, రెండో కొస పట్టుకుని బావిలోకి దూకాడు. లోపల చెయ్యి చాచి, ఇంకా మునగని చేద పిడి అందుకున్నాడు. "గుంజు మామా," అన్న కేక బావిలోంచి వినపడింది. తాడు చివర సింగన్న, సింగన్న నడుము పట్టుకుని రొట్టె ఇచ్చిన భటుడు, వాడి వెనక ఇంకా ఎవరెవరో కలిసి గుంజారు. సుకేతుడు మోచేతులు గీరుకుపోయి పైకి తేలాడు. చేదలో అరవాసి నీరు ఉంది.

పటం పరిచి ఆ పాలనీటిని దాని మీద పోశాడు. రంగులు కదిలాయి. గుడ్డలోంచి ముందు గాజుల చెయ్యి వచ్చింది. సుకేతుడు ఆ చేతిని పట్టుకుని, చంటిబిడ్డను నీళ్ళలోంచి తీసినట్టు జాగ్రత్తగా పైకి తీశాడు. కువలయ తడి చీరతో, చెదిరిన కుంకుమతో అతని ఎదురుగా నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆమె చెయ్యి అతని చేతిలోనే ఉండిపోయింది. తీసుకోవాలని ఆమెకూ అనిపించలేదు.

"పటం ఖాళీగా ఉండదురా," అన్న నవ్వు వెనకనుంచి వినిపించింది. ధూమ్రకర్ణుడు మనిషి రూపంలో బావిగట్టు మీద నిలబడి, రంగువేళ్ళు చాచి గాలిలో ఒక రూపం గీస్తున్నాడు. సుకేతుడికి నెమలి గుర్తుకొచ్చింది. అప్పటికే అతని పాదాలు చల్లబడి, చదునై, గుడ్డ మీదికి జారుతున్నాయి. అతను కువలయ చెయ్యి వదిలాడు. ముందుకు వాలి, ఖాళీ అయిన చేత్తో మాంత్రికుడి మణికట్టు అందుకున్నాడు.

"ఒంటరిగా ఏం తోస్తుంది నాకు? నువ్వూ రా," అన్నాడు.

పటం మీద పెద్ద అల లేచినట్టయి సద్దుమణిగింది. ముంగిలిలో ఇద్దరూ లేరు. గుడ్డ మీద తడిరంగుల్లో ఒక గది కనిపించింది. తలుపు లేదు, కిటికీ లేదు. గదిలో ధూమ్రకర్ణుడు పంజా ఎత్తి మీదికి ఉరుకుతున్నాడు. సుకేతుడు ఎడమచేత్తో వాణ్ణి నెట్టుతూ, మొహం మాత్రం ఇటు తిప్పి ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. రెండు వేళ్ళూ బొటనవేలూ కలిసి, దేన్నో సన్నగా పట్టుకున్నట్టున్నాయి.

కువలయ బావిలోకి చూసింది. అడుగున సుద్దబురద తప్ప ఏమీ లేదు. పడమట ఎరుపు ఒక చీరంచు అంత మిగిలింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీళ్ళు కావాలంటున్నాడా సింగన్నా? చుట్టలో ఉండి మీ మాటలన్నీ వింటూనే వచ్చాను. నీళ్ళు లేవే."

సింగన్న పటం మీదికి వంగి, ఆ చేతిని తన చేతితో అనుకరించి చూశాడు. తోడే చెయ్యి ఇలా ఉండదు. దూసే చెయ్యి ఇలా ఉండదు. వేళ్ళు అలా కలిపి పట్టుకుని గాలిలో కదిపాడు. అతని మొహం వెలిగింది. నేల మీద పడి ఉన్న కుంచె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"గీయమంటున్నాడు తల్లీ. ఆ గదికి దారి గీయమంటున్నాడు."

"నాకు ముగ్గు వెయ్యడం తప్ప బొమ్మలు రావు."

"ముగ్గేసేది గుమ్మం ముందరే గదా. ముందు గుమ్మం గీసెయ్యి."

కువలయ కళ్ళు తుడుచుకుంది. కుంచెను చేదలో మిగిలిన తడిలో ముంచి, తన నుదుటి కుంకుమనే రంగుగా అద్దుకుని, పటంలోని గోడ మీద నిలువుగా ఒక గీత గీసింది. దానికి ఎదురుగా రెండోది. పైన అడ్డగీత కలపగానే ఆ ఎర్రని చట్రంలోంచి సన్నటి వెలుతురు గదిలోకి పడింది.

తడిరంగుల్లో సుకేతుడు ఆ గుమ్మం వైపు తల తిప్పాడు. అదే క్షణాన ధూమ్రకర్ణుడు కూడా తిప్పాడు.